కడప బండను పగలగొట్టకండి: వంటిల్లు, బాత్రూమ్‌పై మీ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే అడిగాయి, ఇంటికి పాతకాలపు కళ ఎలా తేవాలి అని. వాటిలో చాలా ఇళ్లలో ఆ కళ ఇప్పటికే ఉంది. దాన్ని తీసేసి మళ్లీ డబ్బు పెట్టి కొనబోతున్నారు, నా బాధంతా అదే.

అక్కా, మాది కర్నూలులో నలభై ఏళ్ల కిందటి ఇల్లు. వంటింట్లో కడప బండ గట్టు, కింద బండ అరలు. బండ మీద తెల్లటి మచ్చలు పడి చూడలేకుండా ఉంది. మా అబ్బాయి అంతా పగలగొట్టి మాడ్యులర్ కిచెన్ పెట్టిద్దామంటున్నాడు. ఫోన్లో చూపించిన డిజైన్ మాత్రం "వింటేజ్" అట! ఏం చేయమంటారు?

పగలగొట్టొద్దమ్మా. ముందు ఆ మచ్చల సంగతి చెప్తాను, ఎందుకంటే బండ పాడైపోయిందనుకుని తీసేస్తున్న వాళ్లే ఎక్కువ. కడప బండ గ్రానైట్ కాదు, సున్నపురాయి జాతి. నిమ్మరసం, చింతపండు పులుసు, వెనిగర్ ఏది పడినా పైపొర కొద్దిగా కరిగి నునుపు పోతుంది, అక్కడ తెల్లగా కనిపిస్తుంది. మీరు కొలిమిగుండ్ల దగ్గర బెలూం గుహలు చూసే ఉంటారు. మూడు కిలోమీటర్లకు పైగా ఉన్న ఆ గుహలను తొలిచింది కూడా నీళ్లే, ఆ నీళ్లలో ఉన్న కొద్దిపాటి పులుపే, కాకపోతే దానికి లక్షల ఏళ్లు పట్టింది. మీ గట్టు మీద జరిగింది అదే పని, గోరంత లోతున. అంటే అది బండ లోపలికి దిగిన మరక కాదు, పైన అరిగిన చోటు. పాలిష్ మిషన్ ఉన్న బేల్దారిని పిలిచి పైపైన సాన పట్టిస్తే పోతుంది.

అయితే ఒక మాట, అద్దంలా మెరిసే పాలిష్ వద్దని చెప్పండి. మెరుపు తగ్గించి మ్యాట్‌గా వదిలితే రేపు మళ్లీ నిమ్మచెక్క పడినా అంతగా తెలియదు. షాపువాళ్లు సీలర్ కొట్టించుకోమంటారు, అది నూనె, పసుపు లోపలికి దిగకుండా ఆపుతుంది కానీ పులుపును ఆపదు, కాబట్టి పులుపు పడితే వెంటనే తుడవడం అలవాటు కావాల్సిందే. నెలకోసారి గుడ్డతో పలచగా కొబ్బరినూనె రుద్దితే ఆ నల్లదనం మళ్లీ వస్తుంది. మా ఇంట్లో అలాగే చేస్తాం.

ఇక అరలు. బండ అరకు చెద పట్టదు, సింక్ కారినా ఉబ్బదు. చవక బోర్డుతో చేసిన మాడ్యులర్ డబ్బాకు కింద నీళ్లు చేరితే రెండు మూడేళ్లలో అంచులు పొంగిపోతాయి. మీ అరలను అలాగే ఉంచి ముందువైపు టేకు ఫ్రేములో తలుపులు పెట్టించండి, తలుపు మధ్యలో చెక్కకు బదులు సన్నటి స్టీలు మెష్ వేయించండి. మన పెద్దవాళ్లు పాలు, పెరుగు పెట్టుకునే జాలీ అలమార గుర్తుందా? అదే. గాలి ఆడుతుంది కాబట్టి ఎర్రగడ్డలు కుళ్లవు, డబ్బాల్లో ముక్క వాసన రాదు. మీ అబ్బాయి ఫోన్లో చూపించిన దానికంటే ఇదే అసలైన వింటేజ్ అని నేను చెప్పానని చెప్పండి.

గట్టు ఎత్తు కూడా ఇప్పుడే చూసుకోండి. మామూలుగా ముప్పైరెండు, ముప్పైనాలుగు అంగుళాలు పెడతారు, కూరగాయలు తరగడానికి అది సరిపోతుంది (నిలబడి మోచేయి వంచితే, దానికి నాలుగైదు అంగుళాలు కింద గట్టు ఉండాలని లెక్క). కానీ రోజూ సంగటి చేసే ఇంట్లో ఆ ఎత్తు మీద స్టవ్వు, స్టవ్వు మీద పెద్ద గిన్నె పెట్టి తెడ్డుతో కెలకాలంటే భుజాలు పడిపోతాయి. అందుకే చాలామంది గిన్నెను కిందికి దించుకుని కెలుకుతారు. స్టవ్వు పక్కన రెండడుగుల వెడల్పున ఇంకో చిన్న బండను మోకాలికి కొంచెం పైన ఉండేలా వేయించుకోండి. గిన్నె దించడానికి, కెలకడానికి, కూర్చుని కూరగాయలు తరగడానికి కూడా పనికొస్తుంది. ఏ కేటలాగులోనూ నాకిది కనిపించలేదు. కేటలాగులు గీసేవాళ్లు సంగటి కెలికి ఉండరు కదా.

అనంతపురంలో కొత్త ఇల్లు కడుతున్నాం. మా అవ్వ వాళ్ల ఇంట్లో ఉన్నట్టు బాత్రూమ్‌లో ఎర్ర గచ్చు వేయించాలని నా కోరిక. మేస్త్రీ వద్దంటున్నాడు.

ఈ ఒక్కసారికి మేస్త్రీ మాట వినండి. ఎర్ర గచ్చు అంటే సిమెంటులో ఐరన్ ఆక్సైడ్ రంగు కలిపి తాపీతో నునుపు తేల్చిన నేల. హాల్లో, వరండాలో దానికి సాటి లేదు, ఎండాకాలం కాలికి చల్లగా ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ మెరుస్తుంది. కానీ ఆ నునుపు మీద సబ్బు నీళ్లు పడితే పెద్దవాళ్లు జారి పడతారు. పైగా మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, నీళ్లు ఆరిన చోటల్లా ఎర్రటి నేల మీద తెల్లటి చారలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి.

మీ అవ్వ వాళ్లింట్లో కూడా స్నానం గచ్చు మీద చేసి ఉండరు, గుర్తు తెచ్చుకోండి. పెరట్లో జాలాడి బండ మీద చేసి ఉంటారు. దాన్నే లోపలికి తెచ్చుకోండి. స్నానం చేసే చోట పాలిష్ లేని గరుకు తాడిపత్రి బండలు పరిపించండి. పొడిగా ఉండే భాగంలో, అంటే వాష్ బేసిన్ కింద గట్టుకు, గోడకు మూడడుగుల ఎత్తు వరకు ఎర్ర గచ్చు వేయించుకోండి. కోరికా తీరుతుంది, కాలూ జారదు. గచ్చు ఒకేరోజు ఆపకుండా వేయాలి, మధ్యలో ఆపితే అతుకు కనిపిస్తుంది. తర్వాత కనీసం వారం రోజులు తడి ఆరకుండా చూడాలి, మన ఎండలకు ఒక్క పూట ఆరిపోయినా సన్నటి పగుళ్లు వస్తాయి. మేలో మాత్రం పెట్టుకోకండి.

పాతకాలపు కళ కంటికి కనిపించే చోట ఉండాలి, కనిపించని చోట మాత్రం పని కొత్త పద్ధతిలోనే జరగాలి. బండలు పరచక ముందే వాటర్‌ప్రూఫింగ్ వేయించి, దాన్ని గోడల మీదికి కూడా కనీసం అడుగు ఎత్తు ఎక్కించమనండి. తర్వాత నీళ్లు బయటికి పోయే ట్రాప్ మూసేసి నేల మీద నీళ్లు నిలబెట్టి రెండు రోజులు చూడండి, కింద గోడకు చెమ్మ రాకపోతేనే బండల పని మొదలుపెట్టనివ్వండి. మేస్త్రీలు తొందరపడతారు, మీరు పడొద్దు. సబ్బు, కొబ్బరినూనె సీసాలకు ప్లాస్టిక్ స్టాండు కాకుండా గోడలోనే గూడు పెట్టించండి, గూటి అడుగు కొంచెం బయటికి వాలుగా ఉంటే నీళ్లు నిలవవు. టాయిలెట్ క్లీనర్ ఆ బండల మీద పడితే నురుగు కక్కి బండను తినేస్తుంది, అది కమోడ్ లోపలికే పరిమితం.

కడప నుంచి: బాత్రూమ్‌లో ఇత్తడి కొళాయిలు పెట్టిస్తే నల్లబడతాయని అందరూ భయపెడుతున్నారు. నిజమేనా?

నిజమే, నల్లబడతాయి. ఆ రంగు నచ్చితేనే పెట్టుకోండి అన్నా. వెండిలా మెరిసే మంచి కొళాయిల్లో కూడా చాలావాటి లోపల ఉండేది ఇత్తడే, పైన క్రోమ్ పూత. కొనేటప్పుడు ఒక్కటే అడగండి, లాకర్ పూత (వార్నిష్ లాంటి పారదర్శకమైన పొర) ఉందా లేదా అని. పూత ఉన్నదాన్ని మెత్తటి గుడ్డతో తుడవాలి తప్ప చింతపండు, పీచు తగిలించకూడదు, పూత లేచి మచ్చలు మచ్చలుగా తయారవుతుంది. పూత లేనిదాన్ని దేవుడి సామాను తోమినట్టు చింతపండుతో తోముకోవచ్చు, కానీ ఆ రసం కింద ఉన్న బండ మీద పడనివ్వకండి, పైన చెప్పిన తెల్లమచ్చ వస్తుంది. ముందు వాష్ బేసిన్‌కు ఒక్కటి పెట్టించి ఆరు నెలలు వాడి చూడండి.

అనంతపురంలో అద్దె ఇల్లు. స్టవ్వు వెనక గోడకు తెల్లటి ఇటుకల్లాంటి టైల్స్ వేసుకోవాలని ఉంది. మంచిదేనా?

అవి సబ్‌వే టైల్స్. 1904లో మొదలైన న్యూయార్క్ భూగర్భ రైలు (సబ్‌వే) స్టేషన్ల గోడలకు వేశారు, అందుకే ఆ పేరు. ఎత్తు మూడు అంగుళాలు, పొడవు ఆరు అంగుళాలు. తుడిస్తే మురికి పోవాలని, చీకటి చోట వెలుతురు పెరగాలని తెలుపు ఎంచుకున్నారు, కాబట్టి చీకటి వంటింటికి బాగానే నప్పుతాయి. చిక్కంతా టైల్స్ మధ్య సందుల్లోనే. రోజూ తిరగవాత వేసే ఇంట్లో ఆ సందులు నింపే తెల్ల గ్రౌట్ కొన్ని నెలలకే పసుపు రంగుకు తిరుగుతుంది. బూడిద రంగు ఎపాక్సీ గ్రౌట్ అయితే నిలుస్తుంది. కానీ అద్దె ఇంటికి అంత ఖర్చు ఎందుకమ్మా? గోడకు ఇత్తడి రాడ్ ఒకటి బిగించి గరిటెలు వేలాడదీయండి, ఊరగాయ జాడీలను అలమారలోంచి తీసి కళ్లముందు పెట్టండి, వంటింటి కొక్కేనికి ఒక ఉట్టి కట్టండి. ఇల్లు మారినప్పుడు అన్నీ మీతోనే వస్తాయి.

ఆదోని దగ్గర పల్లెలో మా మిద్దె ఇంటిని బాగు చేయిస్తున్నాం. వంటింటి పైన గవాక్షి (గాలి, వెలుతురు కోసం మిద్దెలో వదిలిన కంత) ఉంది. వాన పడుతోందని మూసేద్దామనుకుంటున్నాం.

దయచేసి మూసేయకండి. వేడిగాలి, పొగ పైకి పోవడానికి అంతకంటే మంచి దారి లేదు, అది కరెంటు పోయినా పనిచేస్తుంది. పైన, గవాక్షి చుట్టూ తొమ్మిది అంగుళాల ఎత్తున గట్టు కట్టించండి, మిద్దె మీద పారే నీళ్లు లోపలికి రావు. ఆ గట్టు మీద నాలుగు మూలలా చిన్న ఇనుప కాళ్లు నిలిపి, వాటి మీద లామినేటెడ్ గాజు పలక పెట్టించండి. లామినేటెడే ఎందుకంటే పగిలినా ముక్కలు కింద పొయ్యి మీద పడవు. గాజుకు, గట్టుకు మధ్య మిగిలే జానెడు సందుకు మెష్ కొట్టిస్తే గాలి బయటికి పోతుంది, బల్లులు, పిట్టలు రావు. గాజు నాలుగు వైపులా గట్టు కంటే అడుగు బయటికి ఉంటే ఏటవాలు జల్లు కూడా చాలావరకు ఆగుతుంది. గవాక్షిని మాత్రం వెడల్పు చేయించకండి, అడుగున్నర చాలు, ఏప్రిల్, మేలో అంతకు మించి ఎండ దిగితే వంటింట్లో నిలబడలేరు. పని అయ్యాక ఫోటో పంపండి, వచ్చే సంచికలో వేద్దాం.