గ్యాసర్ ఫైబర్ ముందు భాగం మీద ఫిష్ ఐలు: సమాధానం

మీ గ్యాసర్ (ముందు భాగం ఎత్తిన పాతకాలపు డ్రాగ్ రేస్ కారు)కి రంగు వేస్తే ఫిష్ ఐలు, అంటే రంగులో గుండ్రటి చిన్న గుంటలు, ఎందుకు పడ్డాయని అడిగారు. తప్పు పెయింట్‌ది కాదు, మైనానిది. మీ 1955 షెవర్లే స్టీల్ డోర్ల మీద అదే గన్, అదే రంగు నున్నగా కూర్చుని, కొత్త ఫైబర్‌గ్లాస్ ముందు భాగం మీద మాత్రమే కందిగింజంత గుంటలు పడ్డాయన్నారు కదా, దాంతోనే తెలిసిపోతోంది. ముక్క తేలిగ్గా ఊడి రావాలని అచ్చుకు మైనం పూస్తారు, అది జెల్‌కోట్‌కు (ఫైబర్‌గ్లాస్ పైన ఉండే నున్నటి రెసిన్ పొరకు) అంటుకునే వస్తుంది.

చాలామంది మర్చిపోయేది: మైనం తుడవడం సాండింగ్‌కి (గరుకు కాగితంతో గోకడానికి) ముందు జరగాలి. లేకపోతే పేపర్ ఆ మైనాన్ని గీతల్లోకి కూరేస్తుంది (నేనూ ఒక హుడ్‌ని మూడుసార్లు గోకాకే నేర్చుకున్నా).

1. మీరు రంగు వేసేశారు కాబట్టి మైనం దాని కింద ఉంది, ముందే తుడవడం కుదరదు. ఉన్న రంగు 180 నంబర్ గరుకు పేపర్‌తో తీసేయండి, పేపర్ తరచూ మార్చండి. రంగు ఊడగొట్టే మామూలు స్ట్రిప్పర్ ద్రవం వద్దు, జెల్‌కోట్‌ని తినేస్తుంది.
2. వాక్స్ అండ్ గ్రీజ్ రిమూవర్‌తో (మైనం, జిడ్డు తీసే ద్రవంతో) తడిపి, ఆరకముందే వేరే పొడి గుడ్డతో తుడవండి. ఒకే గుడ్డయితే మైనాన్ని అటూ ఇటూ పూసినట్టే.
3. నీళ్లు చల్లి చూడండి. పూసలు కడితే మైనం ఇంకా ఉన్నట్టే, మళ్లీ 2వ మెట్టు చేయండి; పలచగా పరుచుకుంటే సరే.
4. బాగా ఆరాక 320 పేపర్, ఇంకోసారి రిమూవర్‌తో తుడిచి ఎపాక్సీ ప్రైమర్ (రంగు కింద వేసే పూత), ఆ తర్వాతే రంగు.

ఇంకా గోకని హుడ్ స్కూప్ (బానెట్ మీద గాలి కోసం ఉండే ముక్క) ఉందన్నారుగా, దానికి ముందు 2, 3 మెట్లు చేసి అప్పుడు పేపర్ పట్టండి.