పీఆర్ పెట్టి నెల దాటింది, ఎవరూ చూడటం లేదు!

ప్రశ్న: బీటెక్ మూడో ఏడు చదువుతున్నాను. గిట్‌హబ్‌లో ఒక పైథాన్ లైబ్రరీకి తేదీల లెక్కలో ఉన్న తప్పు సరిచేసి, ఆ మార్పును కలుపుకోమని కోరే పీఆర్ (పుల్ రిక్వెస్ట్) పెట్టాను. నెల దాటినా ఉలుకూ పలుకూ లేదు. కొత్తవాళ్లకు స్వాగతం అని రీడ్‌మీలో రాసుకున్నారు. నచ్చకపోతే ఆ మాటైనా చెప్పొచ్చు కదా?
– ఓ విద్యార్థిని, కావలి

జవాబు: నచ్చకపోవడం కాదు, బహుశా ఎవరూ ఇంకా తెరిచి ఉండరు. ముందు మీ పీఆర్ అడుగున చెక్స్ భాగం చూడండి. ఒక ప్రాజెక్టుకు మొదటిసారి కోడ్ పంపేవాళ్లకు సాధారణంగా గిట్‌హబ్ యాక్షన్స్‌లో టెస్టులు వాటంతటవి నడవవు, మెయింటెయినర్ (ప్రాజెక్టును నడిపేవాళ్లు) అనుమతి నొక్కాలి. టెస్టులు నడిపే ఆ గిట్‌హబ్ సర్వర్లను క్రిప్టో మైనింగ్‌కి వాడుకునేవాళ్లు ఎక్కువవడంతో 2021లో ఈ కట్టడి వచ్చింది. పచ్చ టిక్కు పడనిదాన్ని చాలామంది పక్కన పెట్టేస్తారు. అందుకని ‘రివ్యూ చేయండి’ అని కాకుండా ‘టెస్టులకు అనుమతి ఇస్తారా’ అని అడగండి. అది ఒక్క క్లిక్కు పని కాబట్టి త్వరగా అవుతుంది. సీఎల్‌ఏ (కోడ్ వాడుకునే హక్కులిచ్చే ఒప్పందం) సంతకం, సైన్డ్ ఆఫ్ లైను (ఈ కోడ్ పంపే హక్కు నాకుందని రాసే మాట) అడిగే ప్రాజెక్టయితే అవీ ఉన్నాయో లేదో చూసుకోండి.

తర్వాత, గిట్ డిఫ్‌కు స్టాట్ ఆప్షన్ చేర్చి ఎన్ని లైన్లు మారాయో చూడండి. ఎడిటర్‌లో ఆటో ఫార్మాట్ ఆన్‌లో ఉంటే మీరు మార్చింది 12 లైన్లే అయినా 400 కనిపిస్తాయి. అంత చదివే ఓపిక ఎవరికుంటుంది? 100 లైన్లు సబబు, 1000 మరీ ఎక్కువ అని గూగుల్ తన ఇంజినీర్ల కోసం రాసుకున్న రివ్యూ మార్గదర్శకాల్లోనే ఉంది.

తేదీల విషయంలో ఇంకో చిక్కుంది. 2024 ఫిబ్రవరి 29కి ఏడాది కలిపితే ఏం రావాలి? పైథాన్ సొంత డేట్‌లో రిప్లేస్‌తో ఏడాదిని 2025 చేస్తే వాల్యూఎర్రర్ వస్తుంది. మీ కోడ్ ఫిబ్రవరి 28 ఇస్తుందా, మార్చి 1 ఇస్తుందా? ఏదిచ్చినా పాత పద్ధతి మీద ఆధారపడ్డ వాళ్ల ప్రోగ్రాములు దెబ్బతినొచ్చు. రివ్యూ చేసేవాళ్లు జంకేది ఇలాంటి చోటే. ఏది ఎందుకు ఎంచుకున్నారో వివరణలో రెండు వాక్యాలు రాసి, పాత కోడ్‌తో ఫెయిలై కొత్త కోడ్‌తో పాసయ్యే టెస్టు ఒకటి జోడించండి. వాళ్లు తేల్చుకోవాల్సినదాన్లో సగం మీరే తేల్చిపెట్టినట్టవుతుంది.

ఇక గుర్తుచేయడం. లినక్స్ కెర్నల్‌కు ప్యాచ్ పంపేవాళ్లను కనీసం వారం ఆగమంటారు, మెర్జ్ విండో (కొత్త మార్పులను కలిపే) రోజుల్లో ఇంకా ఎక్కువ. మీరు నెల ఆగారు, నిస్సంకోచంగా అడగండి.

ప్రశ్న: పీఆర్ పెట్టి ఎదురుచూస్తుండగానే, అవే లైన్లను ఇంకొకరు మార్చడంతో కాన్‌ఫ్లిక్ట్ వచ్చింది. మూసేసి కొత్త పీఆర్ పెట్టనా?
– ఓ పాఠకుడు, ఒంగోలు

జవాబు: వద్దు, జరిగిన చర్చంతా పాత దాంట్లోనే ఉండిపోతుంది. అప్‌స్ట్రీమ్ (అసలు ప్రాజెక్టు) ఫెచ్ చేసి, దాని మెయిన్ బ్రాంచ్ మీద రీబేస్ చేసి (మీ మార్పులను తాజా కోడ్ పైన మళ్లీ పేర్చి), ఫోర్స్ విత్ లీజ్‌తో పుష్ చేయండి. ఉత్త ఫోర్స్ వాడితే ఆ బ్రాంచ్‌లో మెయింటెయినర్ చేసిన మార్పులు కూడా చెరిగిపోవచ్చు. ఇప్పటికే లైన్ల మీద కామెంట్లు పడి ఉంటే మాత్రం రీబేస్ చేయకండి, మెయిన్‌నే మీ బ్రాంచ్‌లోకి మెర్జ్ చేయండి. లేకపోతే చదివినదాన్నే వాళ్లు మళ్లీ చదవాల్సొస్తుంది.

ప్రశ్న: రొయ్యల చెరువుల ఆక్సిజన్ రీడింగులు చూపే ఓపెన్‌సోర్స్ యాప్‌ను నలుగురం నడుపుతున్నాం. అందరికీ ఉద్యోగాలున్నాయి. 30 పీఆర్‌లు పేరుకుపోయాయి.
– ఓ బృందం, నెల్లూరు

జవాబు: అన్నిటినీ ఒకే వరుసలో పెట్టకండి. అచ్చుతప్పులు, తెలుగు అనువాదాలు ఒక్కరే చూసి మెర్జ్ చేయొచ్చు. అదే ఆక్సిజన్ అలారాన్ని లీటరుకు 4 మిల్లీగ్రాముల నుంచి 3కు దించే పీఆర్ వచ్చిందనుకోండి. మారేది ఒక్క అంకె. కానీ చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామున. అలారం ఆలస్యమైతే ఏరియేటర్లు తిప్పేలోపే రొయ్య పైకి తేలుతుంది. అలాంటి ఫైలుకు చెరువు తెలిసిన మనిషి పేరును కోడ్‌ఓనర్స్ ఫైల్లో రాయండి, రివ్యూ అభ్యర్థన దానంతటదే వాళ్లకు వెళ్తుంది. వాళ్లకు రైట్ (కోడ్ మార్చే) అనుమతి లేకపోతే వెళ్లదు. అందులో ఒకే ఫైలుకు రెండు లైన్లు వర్తిస్తే చివరిదే చెల్లుతుంది.

రివ్యూ ఆలస్యమైనా వారంలోపు ‘చూశాం, ఫలానా వాళ్లు చూస్తారు’ అని జవాబివ్వండి. తీసుకోలేనిదాన్ని నానబెట్టకుండా కారణం చెప్పి మూసేయండి. పాతవాటిని మూసే బాట్ పెట్టుకుంటే, పంపినవాళ్ల జవాబు కోసం ఆగినవాటికి వేరే లేబుల్ వేసి, అవి మాత్రమే మూతపడేలా సెట్ చేయండి.