టీమ్ బిల్డింగ్ ఆటల్లో లీడర్‌ని గుర్తుపట్టడం: ప్యాకింగ్ సెక్షన్‌లో నా అనుభవం

ముప్పై మంది ఉన్న సెక్షన్‌లో ఇద్దరిని లీడర్లుగా ఎంచాలి, అందుకు టీమ్ బిల్డింగ్ ఆటలు పనికొస్తాయా అని అడిగారు. పనికొస్తాయండీ. కానీ మొదటిసారి వాటిలో నేను చూడాల్సింది చూడలేదు, దానివల్ల ఒక మంచి ఆపరేటర్ వెళ్లిపోయాడు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

అప్పుడు నేను పటాన్‌చెరు వైపు ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్ చూసేవాణ్ణి. ఒక ఆదివారం అందరినీ వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండలకు తీసుకెళ్లాం. బయటి నుంచి వచ్చిన ట్రైనర్ రూల్సన్నీ ఇంగ్లీషులో చెప్పాడు. డిగ్రీ చదివిన ఒక కుర్రాడు గబగబా అర్థం చేసుకుని, మిగతావాళ్లకి చెప్పి, వరసగా మూడు ఆటలు గెలిపించాడు. గొంతు పెద్దది, చొరవ ఉంది. నెల తిరక్కుండా అతన్నే షిఫ్ట్ లీడర్‌ని చేశాను. మెషిన్ ఆగితే చాలు, తప్పెవరిదో తేల్చడంతోనే అతనికి పొద్దు గడిచేది. పదేళ్లుగా బ్లిస్టర్ మెషిన్ (మాత్రల్ని షీట్లలో పెట్టి ఫాయిల్‌తో మూసేది) నడుపుతున్న ఒకాయన "ఇగ నా తోటి కాదు సార్" అని మానేశాడు. ఆ కుర్రాడిని తప్పు పట్టను. ఇంగ్లీషు ముందుగా అర్థం కావడాన్నే నేను నాయకత్వం అనుకున్నాను. పైగా ఆదివారం కావడంతో చిన్నపిల్లలున్న ఆడవాళ్లు నలుగురు రానేలేదు. నేను వాళ్లని అసలు చూడనే లేదన్నమాట.

మా తమ్ముడు సైన్యంలో ఆఫీసర్ ఉద్యోగం కోసం భోపాల్‌లో ఎస్‌ఎస్‌బీ (సర్వీసెస్ సెలక్షన్ బోర్డ్) ఇంటర్వ్యూకి వెళ్లొచ్చాడు. వాడు చెప్పింది విన్నాక నా కళ్లు తెరుచుకున్నాయి. అయిదు రోజుల ఎంపిక అది. మైదానంలో ఒక బల్ల, దుంగ, తాడు ఇచ్చి అడ్డంకులు దాటమంటారు. మొదట గ్రూపు మొత్తం కలిసి చెయ్యాలి, నాయకుడంటూ ఎవరినీ పెట్టరు. తరవాత గ్రూపుని రెండుగా విడగొడతారు. గుంపులో నోరు విప్పనివాళ్లకి అక్కడ చోటు దొరుకుతుంది. ఆపైన కమాండ్ టాస్క్. వంతులవారీగా ఒక్కొక్కరినీ కమాండర్‌ని చేసి, సాయానికి ఇద్దరిని ఎంచుకోమంటారు. ఆ మూడు మెట్లూ మా సెక్షన్‌కి తెచ్చుకున్నాను.

రెండోసారి పని వేళల్లోనే, క్యాంటీన్‌లో పెట్టాం. రూల్స్ తెలుగులో, ఒడిశా, బీహార్ కుర్రాళ్లకి హిందీలో చెప్పాం. ఎవరు కలిసి ఎలా పనిచేస్తారో చూడబోతున్నానని ముందే చెప్పాను. దాచిపెట్టి చూస్తే నమ్మకం పోతుంది.

మేం ఆడించింది మార్ష్‌మాలో ఛాలెంజ్ అనే ఆట. 20 స్పగెట్టి పుల్లలు (ఎండు నూడుల్స్ లాంటివి), గజం టేపు, గజం దారంతో 18 నిమిషాల్లో టవర్ కట్టి, పైన మార్ష్‌మాలో అనే మెత్తటి మిఠాయిని నిలబెట్టాలి. మేం స్పగెట్టి బదులు చీపురుపుల్లలు, మార్ష్‌మాలో బదులు నిమ్మకాయ వాడాం. చాలా టీములు నిమ్మకాయని చివరి నిమిషం దాకా పక్కన పెట్టేస్తాయి, బరువు పడగానే అంతా కూలుతుంది. "ముందే ఒకసారి పెట్టి చూద్దాం" అనే మనిషి ఎవరో గమనించండి.

ఒక టీము టవర్ పన్నెండో నిమిషంలో పడిపోయింది. "నేను చెప్పలే?" అని ఒకతను అరిచాడు. కార్టన్ల దగ్గర పనిచేసే ఒకావిడ, ఆ ఆదివారం రాలేకపోయిన నలుగురిలో ఒకరు, ఏమీ అనకుండా విరగని పుల్లలు ఏరి లెక్కపెట్టింది. "ఇంకా ఆరు నిమిషాలుంది. అన్నా, నువ్వు కింద పట్టుకో" అంది. తరవాత అందరికంటే చిన్నవాడి వైపు తిరిగి, "తమ్మీ, ఇందాక నువ్వేదో చెప్పబోయినవ్ గదా, చెప్పు" అంది. వాళ్ల టవర్ ఆ గదిలో అన్నిటికంటే పొట్టిది. కానీ ఆ తరవాతి ఆటలో ఎక్కడ చిక్కుపడ్డా అయిదుగురి కళ్లూ ఆవిడ వైపే తిరిగాయి. కమాండ్ టాస్క్‌లో సాయానికి ఇందాక అరిచినతన్నే ఎంచుకుంది. ఎందుకమ్మా అంటే, "పొడుగుంటడు సార్, చెయ్యి అందుతది" అంది.

నోట్‌బుక్‌లో ఇలాంటి మాటలూ పనులే రాసుకోండి. "కాన్ఫిడెంట్", "యాక్టివ్" అని రాస్తే వారం తరవాత మీకే ఏమీ గుర్తుండదు. ఇంకొకరి చేత కూడా విడిగా రాయించి, ఆఖర్న రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

అయినా ఒక్క ఆటతో ప్రమోషన్ ఇవ్వకండి. ఆవిడకి రెండు వారాలు లైన్ క్లియరెన్స్ అప్పగించాను. పాత బ్యాచ్ ఫాయిల్ గానీ కార్టన్ గానీ లైన్ మీద ఒక్కటి కూడా మిగలకుండా చూసే పని అది. మూడో రోజు కన్వేయర్ కింద ఇరుక్కున్న పాత కార్టన్ ఒకటి దొరికింది. కొత్త బ్యాచ్ మొదలుపెట్టనివ్వలేదు. డిస్పాచ్ ఆలస్యమవుతోందని ఎంత ఒత్తిడి చేసినా, లైనంతా మళ్లీ చూశాకే సంతకం పెట్టింది. ఆ సాయంత్రమే ఆవిడ పేరు మేనేజ్‌మెంట్‌కి పంపాను.

మీ ముప్పై మందినీ ఆరుగురి చొప్పున అయిదు గ్రూపులు చేయండి. రాత్రి షిఫ్టువాళ్లకి విడిగా, వాళ్ల డ్యూటీ వేళల్లోనే ఒక రోజు పెట్టండి.