గులకరాళ్లు లేని చేపల తొట్టి

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం తొట్టి అడుగు గురించే. రాళ్లూ ఇసుకా కడిగి కడిగి విసిగిపోయినవాళ్లు చాలామందే ఉన్నట్టున్నారు. అందుకే ఈ సంచికలో అన్నీ దానికే కేటాయించాం.

ప్రశ్న: మా తొట్టి 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు. గోల్డ్‌ఫిష్‌లు ఉన్నాయి. అడుగున 5 సెంటీమీటర్ల మందాన గులకరాళ్లు పోశాం. వారం వారం పైపుతో లాగుతున్నా, కాస్త కదిపితే చాలు మురికి పొగలా లేస్తోంది. రాళ్లు మొత్తం తీసేసి, చూడ్డానికి బాగుండేదీ తుడవడానికి సులువుగా ఉండేదీ ఏదైనా వేసుకోవచ్చా?

జవాబు: నిస్సందేహంగా వేసుకోవచ్చు. గోల్డ్‌ఫిష్‌కైతే అదే మంచిది కూడా. అవి అడుగున నోటితో వెతుక్కుంటూ తింటాయి, ఆ తినడంలో బఠాణీ గింజంత రాయి నోట్లో ఇరుక్కుపోవచ్చు.

మురికి చేరడానికి కారణం రాళ్ల మధ్య సందులు. మేత తునకలూ చేపల మలమూ వాటిలోకి దిగిపోతాయి, ఫిల్టర్ లాగే నీరు అక్కడికి అందదు. కాబట్టి రాళ్ల బదులు ఏది వేసినా సందు లేనిదై ఉండాలి. గాజు గోలీలూ ప్లాస్టిక్ గడ్డి చాపలూ ఎంత ముచ్చటగా ఉన్నా మేం వద్దనేది అందుకే. గోలీల మధ్య సందులు గులకరాళ్ల కంటే పెద్దవి. చాప కిందైతే ఏం కుళ్లుతోందో పైకి కనిపించదు.

మీ తొట్టికి ఒకే పలకగా వేసే టైల్ సరిపోతుంది. విట్రిఫైడ్ టైల్ తీసుకోండి. అది నీటిని దాదాపు పీల్చదు కనుక మరకలు లోపలికి దిగవు. మెరుపు లేనిదీ, ముదురు బూడిద లేదా మట్టి రంగుదీ ఎంచుకోండి. నేల తెల్లగా ఉంటే చాలా రకాల చేపలు దానికి తగ్గట్టు ఒంటి రంగును పలచబరుచుకుంటాయి. మెరిసే టైల్‌లో లైటు వెలుగు తిరిగి కొట్టి వాటిని బెదరగొడుతుంది. బంగారు, వెండి పూతల డిజైన్లు వద్దు.

పాలరాయి, సున్నపురాయి పలకలు అసలే వద్దు. వాటిలోని కాల్షియం కార్బొనేట్ కొద్దికొద్దిగా కరిగి నీటి కాఠిన్యాన్నీ పీహెచ్‌నూ (ఆమ్ల-క్షార స్థాయిని) పెంచుతుంది. రాయి ఏదో తెలియకపోతే వెనకవైపు మేకుతో గీకి, రాలిన పొడి మీద నాలుగు చుక్కల వెనిగర్ వేయండి. బుడగలు వస్తే పక్కన పెట్టేయండి. స్లేట్ పలక అందంగానే ఉంటుంది కానీ దానిలో లోహంలా మెరిసే పసుపు చారలుంటే తీసుకోవద్దు.

ఇక కొలత. గాజు మందం 6 మిల్లీమీటర్లయితే లోపలి అడుగు 58.8 × 28.8 సెంటీమీటర్లు. అంచుల వెంట గాజుల్ని అతికించిన సిలికాన్ జిగురు గట్టు ఉంటుంది కాబట్టి చుట్టూ 5 మిల్లీమీటర్లు వదిలి, టైల్‌ను 57.8 × 27.8కి కోయించండి. కోయించే ముందు తొట్టి పైభాగం కూడా కొలవండి. పైన గాజు పట్టీలు గానీ, ప్లాస్టిక్ చట్రం గానీ ఉంటే నోరు అడుగు కంటే ఇరుకవుతుంది, ఒకే ముక్క దిగదు. అప్పుడు రెండు ముక్కలు చేయించక తప్పదు. కోసిన అంచుల్ని 120 నంబరు గరుకు కాగితంతో తడిపి రుద్దితే పదును పోతుంది.

టైల్‌ను ఖాళీ తొట్టిలోనే దించాలి. దించే ముందు గాజును తడిగుడ్డతో, తర్వాత పొడిగుడ్డతో తుడిచి, అరచేత్తో అంగుళం అంగుళం తడిమి చూడండి. టైల్ కింద ఒక్క ఇసుక రేణువు మిగిలినా బరువంతా ఆ రేణువు మీదే నిలుస్తుంది, గాజు అక్కడే చిట్లవచ్చు. టైల్ కింద సిలికాన్ పూయవద్దు, గాలిలోని తేమ తగలకపోతే అది ఆరదు. చుట్టూ ఉన్న సందును మాత్రం నిండుగా పూడ్చండి. బూజు పట్టకుండా మందు కలిపిన బాత్రూమ్ రకం కాకుండా నూటికి నూరు శాతం సిలికాన్ వాడండి. సిమెంటు గ్రౌట్ వద్దు, అది పీహెచ్ పెంచుతుంది. వారం రోజులు ఆరనిచ్చి, వెనిగర్ లాంటి వాసన పూర్తిగా పోయాక నీళ్లు పోసి, ఒకసారి పారబోసి, మళ్లీ నింపండి. సందు పూడ్చకుండా వదిలేస్తే మురికి టైల్ కిందికి జారుతుంది. అప్పుడు రాళ్లున్నప్పటి కథే మళ్లీ మొదలు.

ఎప్పుడైనా టైల్ తీయాల్సి వస్తే బ్లేడుతో మీరు పూసినంత మేరే కోయండి. తొట్టి గోడల్ని పట్టి ఉంచేది పాత సిలికానే, దాన్ని ముట్టుకోవద్దు. బరువు గురించి దిగులు వద్దు. 8 మిల్లీమీటర్ల టైల్ ఈ కొలతకు సుమారు 3 కిలోలుంటుంది, ఇప్పుడున్న రాళ్లు పన్నెండు కిలోల పైమాటే.

ప్రశ్న: మేం రాళ్లన్నీ ఒకే రోజు తీసేశాం. మూడోరోజుకు నీళ్లు పాలలా తెల్లబడ్డాయి. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. ఏం చేయాలి?

జవాబు: ముందు నీటిలో అమ్మోనియా, నైట్రైట్ (చేపల మలం, మిగిలిన మేత వల్ల చేరే విషాలు) ఎంతున్నాయో పరీక్షించండి. రెండూ సున్నా ఉండాలి. లేకపోతే వెంటనే సగం నీళ్లు మార్చండి. కొత్త నీళ్లు క్లోరిన్ పోగొట్టినవీ, తొట్టి నీళ్లంత వెచ్చగా ఉన్నవీ కావాలి. గాలి పంపు ఆపకండి. రెండు రోజులు మేత మానేసి, తర్వాత సగమే వేయండి. రెండు పరీక్షలూ సున్నాకు వచ్చేదాకా రోజూ చూస్తూ, అవసరమైనప్పుడల్లా నీళ్లు మార్చాలి.

అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టర్‌లోనే కాదు, రాళ్లను అంటిపెట్టుకుని కూడా బతుకుతుంది. రాళ్లతో పాటు మీరు దాన్నీ బయట పారేశారు. తీసిన రాళ్లు ఇంకా తడిగా ఉంటే గుప్పెళ్ల కొద్దీ ఒక వల సంచిలో కట్టి ఫిల్టర్ పక్కన వేలాడదీయండి. ఎండిపోతే అవి పనికిరావు. ఈ సమయంలో ఫిల్టర్ స్పాంజిని కడగవద్దు. మరీ మూసుకుపోతే తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండండి. తెల్లదనం కొద్ది రోజుల్లో దానంతటదే పోతుంది, మందులేవీ పోయకండి.

ఇంకా రాళ్లు తీయనివాళ్లు వారానికి మూడోవంతు చొప్పున తీయండి. కొన్ని రాళ్లను వల సంచిలో నెల రోజులు ఉంచండి. తీసేటప్పుడు నల్లటి మచ్చలు కనబడినా, కుళ్లిన గుడ్ల వాసన వచ్చినా అది చేపలకు విషమైన హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుకు గుర్తు. చేపల్ని పాత నీళ్లున్న బకెట్‌లోకి మార్చాకే మిగతా పని. టైల్ అతికించాలంటే చివరికి తొట్టి ఖాళీ చేయాలి కదా, ఆ వారం చేపల్నీ ఫిల్టర్‌నూ రాళ్ల సంచినీ వేరే టబ్బులో ఉంచి ఫిల్టర్ నడుస్తూనే ఉండేలా చూడండి.

ప్రశ్న: టైల్ వేస్తే మొక్కలు పెంచలేమా?

జవాబు: అనుబియాస్, జావా ఫెర్న్, బుసెఫలాండ్రా మొక్కలకు మట్టే అక్కర్లేదు. అసలు వాటి కొమ్మును (అల్లంలా అడ్డంగా పెరిగే కాండాన్ని) పాతిపెడితే కుళ్లిపోతుంది. కర్రకో రాయికో నూలు దారంతో కట్టండి, లేదా జెల్ రకం సూపర్ గ్లూ చుక్కతో అతికించండి. దారం నానిపోయే లోపు వేళ్లు పట్టేస్తాయి. జావా మాస్‌ను స్టెయిన్‌లెస్ స్టీల్ వల మీద పరిచి కట్టినా బాగుంటుంది. వాలిస్నేరియా, అమెజాన్ స్వార్డ్ లాంటివి మాత్రం వేళ్లతోనే ఎక్కువ తింటాయి. వాటిని 10 సెంటీమీటర్ల మట్టికుండీల్లో పెట్టి, ముందు ఒక పెద్ద రాయిని అడ్డుపెడితే కుండీ కనిపించదు.

ప్రశ్న: మావి కోరిడోరాస్ చేపలు. ఇసుక తీసేస్తే ఇబ్బంది పడతాయా?

జవాబు: నున్నటి నేల మీద బతుకుతాయి, కానీ ఇసుకను నోట్లోకి తీసుకుని మొప్పల గుండా వదలడం వాటి స్వభావం. దాన్ని దూరం చేయవద్దు. 5 సెంటీమీటర్ల అంచున్న గాజు పళ్లెంలో 3 సెంటీమీటర్ల మెత్తటి ఇసుక పోసి ఒక మూల పెట్టండి, మేత అందులోనే వేయండి. పళ్లెం పైకి తీసి కడుక్కోవచ్చు.

ప్రశ్న: రాళ్లు తీశాక అడుగున మురికి ఇంకా ఎక్కువైనట్టుంది. రోజూ శుభ్రం చేయాలా?

జవాబు: మురికి పెరగలేదు, ఇన్నాళ్లూ దాగి ఉన్నది ఇప్పుడు కళ్లబడుతోంది. ఫిల్టర్ నుంచి నీళ్లు వచ్చే మూతిని అడుగువైపు కాస్త వంచితే చెత్తంతా ఎదుటి మూలకు చేరుతుంది. ఆ మూలలో రాయీ కుండీ పెట్టకండి. 12 మిల్లీమీటర్ల పైపు చివర గట్టి గొట్టం తొడిగి వారానికోసారి అక్కడి నుంచే లాగండి. 60 లీటర్ల తొట్టికి 15 లీటర్లు తీస్తే నీళ్లు మార్చడం కూడా అయిపోతుంది. గోల్డ్‌ఫిష్ ఉంటే వారానికి రెండుసార్లు తప్పదు. టైల్ మీద గోధుమరంగు పొర కడితే నీళ్లు లాగే ముందే కొత్త స్పాంజితో రుద్దండి, ఊడిన పొర కూడా పైపులోనే పోతుంది. సబ్బు తగిలిన స్పాంజి మాత్రం తొట్టిలోకి రాకూడదు.