దీపం ఆరింది, వాల్వ్ మూసుకోలేదు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన రన్‌బుక్, అదే సిస్టమ్ పాడైతే ఏ స్టెప్ తర్వాత ఏ స్టెప్ చెయ్యాలో చెప్పే కాగితం, అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి తీరిగ్గా కూర్చుని చదివితే అంతా బాగానే ఉందనిపించింది. రెండోసారి మాత్రం, రాత్రి రెండు గంటలకు ఫోన్ మోగి లేచినట్టు, డేటాబేస్ పడిపోయినట్టు, ఇంకా ఎంతసేపు పడుతుందని పైవాళ్లు నిమిషానికోసారి అడుగుతున్నట్టు ఊహించుకుని చదివాను. అప్పుడు చాలాచోట్ల ఆగిపోయాను. నీ భాష ఎలా ఉందో చెప్పమని అడిగావు. భాష బాగుందమ్మా. నేను ఆగింది భాష దగ్గర కాదు.

ఏడో స్టెప్ తీసి చూడు. "బ్యాకప్ స్క్రిప్ట్ రన్ చేయాలి. బ్యాకప్ విజయవంతంగా పూర్తవుతుంది. తర్వాత పాత డేటా తొలగించాలి." పూర్తవుతుందని నీకెలా తెలుసు? నువ్వు చేసి చూసిన రోజున పూర్తయింది, అందుకని అలా రాశావు. చదివేవాడికి కనిపించేది వేరు. స్క్రిప్ట్ ఏవో లైన్లు చూపించి ఆగుతుంది, తర్వాతి కమాండ్ కోసం ఎదురుచూసే ప్రాంప్ట్ తిరిగి వస్తుంది. డిస్క్ నిండిపోయి బ్యాకప్ సగంలో ఆగిపోయినా ఆ ప్రాంప్ట్ అలాగే వస్తుంది. ఏది పూర్తయిన బ్యాకప్పో, ఏది సగంలో ఆగిందో గుర్తుపట్టే దారి నీ కాగితంలో లేదు. అతను నీ మాట నమ్మి తర్వాతి లైన్‌కు వెళ్తాడు. తర్వాతి లైన్ పాత డేటా తీసెయ్యమంటోంది.

ఇక్కడ నీకో పాత సంగతి చెప్పాలి. 1979 మార్చి 28న తెల్లవారుజామున అమెరికాలోని పెన్సిల్వేనియాలో, త్రీ మైల్ ఐలాండ్ అణు విద్యుత్ కేంద్రం రెండో యూనిట్‌లో ఒక రిలీఫ్ వాల్వ్ తెరుచుకుంది. ప్రెషర్ తగ్గాక అది మళ్లీ మూసుకోవాలి, కానీ తెరుచుకునే ఇరుక్కుపోయింది. కంట్రోల్ రూమ్‌లో ఆ వాల్వ్ కోసం ఒక దీపం ఉంది. అది ఆరిపోయింది. వాల్వ్ మూసుకుందని ఆపరేటర్లు అనుకున్నారు. నిజానికి ఆ దీపానికి వాల్వ్ ఏ స్థితిలో ఉందో తెలియదు. వాల్వ్‌ను తెరిచి ఉంచే కాయిల్‌కు కరెంట్ ఆగిందా లేదా అన్నది మాత్రమే దానికి తెలుసు. అంటే అది చెప్పింది 'మూసుకోమని ఆదేశం వెళ్లింది' అని. చూసినవాళ్లకు అర్థమైంది 'మూసుకుంది' అని. రెండు గంటలకు పైగా ఆ దారిలో రియాక్టర్‌ను చల్లబరచాల్సిన నీళ్లు పోతూనే ఉన్నాయి. రియాక్టర్ కోర్‌లో సగం దాకా కరిగిపోయింది. ఆ ప్రమాదానికి వేరే కారణాలు కూడా ఉన్నాయి, అన్నీ దీపం మీద తోసెయ్యను. కానీ నేను ఏ డాక్యుమెంట్ రాయడానికి కూర్చున్నా ఆ దీపం గుర్తుకొస్తుంది. నీ "విజయవంతంగా పూర్తవుతుంది" అలాంటి దీపమే.

ఇది నాకు చదివి తెలిసిన పాఠం మాత్రమే కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో వేడినీటి పంపు ఒకదానికి మెయింటెనెన్స్ మాన్యువల్ రాశాను. అందులో "ప్రెషర్ తగ్గిన తర్వాత కవర్ తెరవాలి" అని ఒక వాక్యం. నాకు అందులో ఏ లోపమూ కనబడలేదు. నాతో పనిచేసే ఇంజనీర్లు ముగ్గురు చదివారు, వాళ్లకూ కనబడలేదు, ఎందుకంటే ఎంత తగ్గాలో మా నలుగురికీ ముందే తెలుసు. తెలియనివాడు మెకానిక్. అతను పంపు ఆపాడు, గేజ్ ముల్లు దిగడం చూశాడు, తగ్గింది కదా అని బోల్టు వదులు చేశాడు. లోపల మిగిలిన వేడినీళ్లు చిమ్మి ముంజేయి కాలింది. నెల రోజులు పనిలోకి రాలేకపోయాడు. నేను చూడ్డానికి వెళ్తే నన్ను ఒక్క మాట అనలేదు. "మీరు రాసినట్టే చేశాను సార్" అన్నాడు. ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు.

ఆ వాక్యాన్ని మొదట "గేజ్ సున్నా చూపించేదాకా ఆగాలి" అని మార్చాను. రెండు రోజులు పోయాక మళ్లీ మార్చాను, గేజ్ ముల్లు కూడా ఇరుక్కోవచ్చు కదా. చివరికి ఇలా నిలిచింది: "గేజ్ ముల్లు సున్నా మీదికి వచ్చేదాకా ఆగు. తర్వాత డ్రెయిన్ వాల్వ్ పూర్తిగా తెరువు. నీళ్లు, ఆవిరి రావడం ఆగిపోయాకే కవర్ బోల్టులు వదులు చెయ్యి. గేజ్ సున్నా చూపిస్తున్నా డ్రెయిన్ నుంచి ఆవిరి వస్తుంటే బోల్టులు ముట్టుకోకు." ఒక్క వాక్యం నాలుగు వాక్యాలైంది. పొడుగు పెరిగిందని అప్పుడు ఒకాయన అభ్యంతరం చెప్పాడు. క్లుప్తత అంటే తక్కువ మాటలు వాడటమని చాలామంది అనుకుంటారు. చదివేవాడు మళ్లీ ఎవరినో అడగాల్సిన పని లేకపోవడమే క్లుప్తత అని నేను నమ్ముతాను.

ఇప్పుడు నీ ఏడో స్టెప్‌కు వద్దాం. నేనైతే ఇలా మొదలుపెడతాను: "బ్యాకప్ స్క్రిప్ట్ రన్ చెయ్యి. చివరి లైన్‌లో ఫైల్ పేరు, సైజు కనిపించాలి. ఆ సైజు నిన్నటి బ్యాకప్ సైజుకు దగ్గరగా ఉందో లేదో చూడు. తేడా ఎక్కువుంటే ఇక్కడే ఆగు. పాత డేటా తొలగించకు. డేటాబేస్ టీమ్‌కు ఫోన్ చెయ్యి." ఇది కూడా ఇంకా పూర్తికాలేదు. 'దగ్గరగా' అంటే ఎంత? పదోవంతా, సగమా? ఆ అంకె నీ సిస్టమ్ గురించి తెలిసిన నువ్వే వెయ్యాలి. నన్నడిగితే సైజు చూడటం కూడా చాలదు. పాత డేటా తీసేసే ముందు ఆ బ్యాకప్‌ను వేరే మెషిన్ మీద ఒకసారి రీస్టోర్ చేయించు, ముఖ్యమైన టేబుల్స్‌లో ఎన్ని వరుసలు ఉన్నాయో లెక్క చూడమను. ఫైల్ ఉన్నంత మాత్రాన బ్యాకప్ ఉన్నట్టు కాదని నీకు తెలుసు. ఆ తెలిసింది కాగితం మీదికి రావాలి.

నీ డ్రాఫ్ట్‌లో 'అవసరమైతే' అన్న మాట తొమ్మిది చోట్ల ఉంది. "అవసరమైతే సర్వీస్ రీస్టార్ట్ చేయాలి." అవసరమా కాదా అన్నది ఎవరు తేల్చాలి? అది తేల్చుకోలేకే కదా అతను నీ రన్‌బుక్ తెరిచాడు! 'తగినంత', 'సరిగ్గా', 'జాగ్రత్తగా', 'వగైరా', ఇవన్నీ ఆ బాపతు మాటలే. రాసేటప్పుడు హాయిగా ఉంటాయి, ఎందుకంటే ఆలోచించే పని వాయిదా పడుతుంది. ఆ భారం తర్వాత చదివేవాడి నెత్తిన పడుతుంది. ఒక్కో 'అవసరమైతే' దగ్గర ఆగి, ఎప్పుడు అవసరమో నువ్వే తేల్చు: "ఐదు నిమిషాల్లో క్యూలో ఆగి ఉన్న పనులు 100 కంటే కిందికి దిగకపోతే రీస్టార్ట్ చెయ్యి." కొన్నిచోట్ల నీకే జవాబు తెలియదని బయటపడుతుంది. అది మంచిదే, వెళ్లి తెలిసినవాళ్లను అడుగు.

అంకెల పక్కన యూనిట్లు మర్చిపోకు. "టైమౌట్ 30 పెట్టాలి" అని రాశావు. సెకన్లా, మిల్లీసెకన్లా? మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే అంతరిక్ష నౌక 1999 సెప్టెంబర్‌లో పోయింది ఇలాంటి తేడా వల్లే. ఒక సాఫ్ట్‌వేర్ పౌండ్ల లెక్కలో అంకెలిచ్చింది, వాటిని తీసుకున్నది న్యూటన్ల లెక్క అనుకుంది. ఒకటికి నాలుగున్నర రెట్ల తేడా.

బళ్లో మనకు పునరుక్తి దోషమని నేర్పారు. ఒకే మాట మళ్లీ మళ్లీ వాడితే టీచర్ ఎర్ర ఇంకుతో గీత గీసేవారు. ఆ అలవాటు నీ డ్రాఫ్ట్‌లో కనబడుతోంది. మొదటి పేజీలో 'సర్వర్', రెండో పేజీలో 'హోస్ట్', తర్వాత 'మెషిన్', ఒకచోట 'నోడ్'. నాలుగూ ఒకటేనని నాకు మూడో పేజీలో గానీ అర్థం కాలేదు. ఈ పనిలో వేరే మాట కనబడితే అది వేరే వస్తువనే చదివేవాడు అనుకుంటాడు, అనుకోవాలి కూడా. సర్వర్ అంటే చివరిదాకా సర్వర్ అనే అను. విమాన పరిశ్రమ మాన్యువల్స్ కోసం సింప్లిఫైడ్ టెక్నికల్ ఇంగ్లిష్ అనే పద్ధతి ఒకటి తయారుచేసుకుంది. ఒక మాటకు ఒకే అర్థం, పని చెప్పే వాక్యం 20 మాటలు దాటకూడదు అని అందులో నియమం. నేను మాటలు లెక్కపెట్టుకుంటూ కూర్చోను గానీ, ఒక వాక్యంలో రెండు పనులు కనబడితే మాత్రం విడగొడతాను.

'చేయాలి' గురించి కూడా ఒక మాట. తెలుగులో 'చేయాలి' అంటే తప్పనిసరి అనీ అవుతుంది, చేస్తే బాగుంటుందనీ అవుతుంది. మాట్లాడేటప్పుడు గొంతును బట్టి తెలిసిపోతుంది, కాగితానికి గొంతు లేదు. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసేవాళ్లు 1997లో ఆర్‌ఎఫ్‌సీ 2119 అని ఒక చిన్న పత్రం తెచ్చారు. ఏ మాట వాడితే తప్పనిసరి, ఏది వాడితే గట్టి కారణం ఉంటేనే మానొచ్చు, ఏది వాడితే మన ఇష్టం అన్నది అందులో ఖరారు చేసుకున్నారు. నువ్వూ నీ రన్‌బుక్ మొదట్లో మూడు లైన్లలో ఆ ఒప్పందం రాసిపెట్టు.

హెచ్చరికల సంగతి. పదకొండో స్టెప్‌లో కమాండ్ ఇచ్చి, దాని కింద "గమనిక: ఈ కమాండ్ ఇచ్చాక డేటా తిరిగి రాదు" అని రాశావు. అర్ధరాత్రి కంగారులో ఉన్నవాడు ఒక లైన్ చదువుతాడు, చేస్తాడు, తర్వాతి లైన్ చదువుతాడు. నీ గమనిక అతని కంటపడేసరికి డేటా పోయి ఉంటుంది. మన భాష ఈ విషయంలో మనకు సాయం చేస్తుంది. 'కరెంట్ తీసేశాకే మూత తెరువు' అంటాం మనం, షరతు సహజంగానే ముందొస్తుంది. రాసేటప్పుడూ ఆ వరసే ఉంచు.

ముఖ్యమైన విషయాన్ని అడుగున పెట్టడం ఎంత దూరం తీసుకెళ్తుందో అమెరికా అంతరిక్ష నౌక (షటిల్) కొలంబియా ప్రమాదం మీద 2003లో వచ్చిన దర్యాప్తు నివేదిక చూస్తే తెలుస్తుంది. ఆ జనవరిలో కొలంబియా నింగికి లేచేటప్పుడు ఇంధన ట్యాంకు మీది నురుగు ముక్క ఒకటి ఊడి రెక్కకు తగిలింది. ఎంత దెబ్బ తగిలిందో అంచనా వేసిన ఇంజనీర్లు అధికారులకు స్లయిడ్లు చూపించారు. వాటిలో ఒకదాన్ని నివేదిక విడిగా తీసి చూపింది. స్లయిడ్ శీర్షిక భరోసా ఇచ్చేలా ఉంది. అసలు సంగతి అట్టడుగున, చిన్న అక్షరాల్లో ఉంది. పరీక్షల్లో వాడిన ముక్క 3 ఘనపు అంగుళాలు, షటిల్‌కు తగిలినట్టు లెక్కవేసిన ముక్క 1920 ఘనపు అంగుళాలు. అంటే 640 రెట్లు. ఆ పరీక్షలను ఆధారం చేసుకుని ధైర్యం చెప్పడానికి వీల్లేదన్నమాట. ఒకే స్లయిడ్‌లో 'సిగ్నిఫికెంట్' అన్న మాట ఐదుసార్లు, ఒక్కోచోట ఒక్కో అర్థంతో వచ్చింది. ఫిబ్రవరి 1న తిరిగొస్తూ షటిల్ ముక్కలైపోయింది, ఏడుగురూ చనిపోయారు. శీర్షికలోనే "తగిలిన ముక్క మన పరీక్షల్లోని ముక్కకు 640 రెట్లు" అని ఉంటే ఆ గదిలో కూర్చున్నవాళ్లు ఇంకో ప్రశ్న అడిగేవారని నా నమ్మకం. నువ్వు రిపోర్టు రాసినప్పుడు, నీకు నిద్ర పట్టనివ్వని విషయం ఏదో అదే మొదటి వాక్యంలో పెట్టు.

ఇక చివరి పని. డ్రాఫ్ట్ సరిచేశాక మీ టీమ్‌లో ఆ సిస్టమ్ ముట్టుకోని వాళ్లను ఒకరిని కూర్చోబెట్టు. టెస్ట్ సర్వర్ ఇచ్చి, రన్‌బుక్ చూసి చెయ్యమను. నువ్వు పక్కన కూర్చో, నోరు మెదపకు. ఇది చాలా కష్టం, ముందే చెబుతున్నాను. వాళ్లు తప్పు కమాండ్ దగ్గర తటపటాయిస్తుంటే చెప్పెయ్యాలని నాలుక దురద పెడుతుంది. చెప్పకు. వాళ్ల చెయ్యి ఎక్కడ ఆగింది, ఎక్కడ వెనక్కి స్క్రోల్ చేశారు, ఎక్కడ నీ వైపు చూశారు, అన్నీ ఒక కాగితం మీద స్టెప్ నంబర్‌తో సహా రాసుకో. అయిపోయాక 'అక్కడెందుకు ఆగావు' అని అడుగు, సమర్థించుకోకు.

రెండో డ్రాఫ్ట్ కోసం తొందరేం లేదు. పంపేటప్పుడు దానితో పాటు ఆ కాగితం కూడా ఫొటో తీసి పంపు. ముందు అదే చదువుతాను.

ఇట్లు,
నీ మేలు కోరే
మాస్టారు