తిమ్మిరెక్కిందా, మొద్దుబారిందా?

ప్రశ్న: రాత్రిళ్ళు చెయ్యి తిమ్మిరెక్కుతోందని డాక్టర్‌కి చెబితే, "స్పర్శ తెలుస్తోందా, లేదా?" అని తిప్పి తిప్పి అడిగారు. తిమ్మిరి అంటే స్పర్శ తెలియకపోవడమే కదా?

జవాబు: కాదండీ, చిక్కంతా అక్కడే. మనం తిమ్మిరి అన్న ఒక్క మాటతో రెండు మూడు బాధల్ని చెప్పేస్తాం, విన్నవాళ్ళు తమకు తోచింది అనుకుంటారు. మఠం వేసుకుని చాలాసేపు కూర్చుంటే కాలు బరువెక్కి, గిల్లినా తెలియకుండా అవుతుంది, అది మొద్దుబారడం. లేచి నిలబడ్డాక అదే కాలు చీమలు పాకినట్టు, సూదులు గుచ్చినట్టు జివజివలాడుతుంది చూడండి, అసలు తిమ్మిరి అది. నరం నొక్కుకుపోయి కబురు అందకపోతే మొదటిది, ఒత్తిడి తీరాక నరం మళ్ళీ పనిలో పడుతూ కాసేపు గజిబిజి కబుర్లు పంపితే రెండోది. ఒకదాంట్లో ఉన్నది తెలియదు, ఇంకోదాంట్లో లేని చీమలు తెలుస్తాయి. ఈ రెండూ కాక చచ్చుబడటం ఉంది: అక్కడ పోయేది బలం, స్పర్శ ఉన్నా ఉండొచ్చు. చలికి వేళ్ళు ముడుచుకుని బిగుసుకుపోతే కొంకర్లు పోయాయంటాం, దాన్ని కూడా తిమ్మిరి లెక్కలో వేసేసేవాళ్ళున్నారు!

అందుకని ఈసారి వెళ్ళినప్పుడు తిమ్మిరి అన్న మాట పక్కన పెట్టి, జరుగుతున్నది జరుగుతున్నట్టు చెప్పండి. సూదులు గుచ్చినట్టుందా, గిల్లితే తెలియట్లేదా, పట్టుకున్న గ్లాసు జారిపోతోందా? ఏ వేళ్ళో కూడా చెప్పండి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు అయితే మణికట్టు దగ్గర నరం నొక్కుకుంటోందేమోనని చూస్తారు, చిటికెనవేలి వైపు అయితే మోచేతి దగ్గర చూస్తారు. ఒకవేళ ఉన్నట్టుండి ఒక పక్క చెయ్యీ కాలూ మొద్దుబారినా, చచ్చుబడినా, మూతి వంకరపోయినా, మాట ముద్దగా వచ్చినా మాత్రం ఏ మాట వాడాలా అని ఆలోచించకండి, వెంటనే ఆస్పత్రికి పరిగెత్తాలి, అది పక్షవాతం కావొచ్చు.

ప్రశ్న: పన్ను పీకించుకోవడానికి వెళ్తే "మత్తు ఇస్తాం" అన్నారు. నిద్రపుచ్చుతారనుకుని మా అమ్మ హడలిపోయింది. తీరా చూస్తే నేను మెలకువగానే ఉన్నాను. మత్తు అనడం తప్పు కాదా?

జవాబు: తప్పు అనలేం గానీ, చాలా బద్ధకపు వాడుక. మత్తు అంటే కైపు, మగత, నిద్రమత్తు. మనిషికి ఎక్కాలి గానీ చిగురుకి మత్తేమిటి? ఆ సూదిలో సాధారణంగా ఉండేది లిడోకెయిన్ లాంటి మందు. నరం కబురు పంపాలంటే సోడియం కణాలు దాని లోపలికి వెళ్ళాలి, ఈ మందు ఆ దారి మూసేస్తుంది, దాంతో నొప్పి కబురు మెదడు దాకా చేరదు. అయినా నొక్కుతున్నట్టూ లాగుతున్నట్టూ తెలుస్తూనే ఉంటుంది. ఇక్కడ పోయేది స్పర్శ, అదీ ఆ కాస్త చోటే. పెద్ద ఆపరేషన్లకు ఇచ్చే మత్తులో పోయేది స్పృహ. రెండు మాటలూ వినడానికి దగ్గరగా ఉండటం వల్ల కంగారు ఇంకా పెరుగుతుంది. 1846లో బోస్టన్‌లో ఈథర్ పీల్పించి నలుగురి ముందు ఆపరేషన్ చేసి చూపించినప్పటి కథంతా ఈ రెండో రకానిదే. "మొద్దుబారడానికి సూది వేస్తాం" అని ఉంటే మీ అమ్మగారికి ఆ టెన్షన్ ఉండేది కాదు. అన్నట్టు, పెదవికి స్పర్శ తిరిగొచ్చేదాకా వేడివి తాగకండి, నమలకండి. కొరుక్కున్నా తెలియదు.

ప్రశ్న: "మొక్కవోని ధైర్యం" అని పేపర్లలో రాస్తుంటారు. మొక్కకీ దానికీ ఏమిటి సంబంధం?

జవాబు: చెట్టూ మొక్కా ఏమీ లేవు. మొక్కపోవడం అంటే కత్తి అంచు పదును పోవడం. మొద్దుబారని ధైర్యం అన్నమాట. ఆ క్రియ మామూలు మాటల్లోంచి దాదాపు జారిపోయింది, ఈ ఒక్క పొగడ్తలోనే ఇంకా కనిపిస్తోంది. కూరగాయల కత్తి మొక్కపోయిందని ఇప్పుడెవరంటారు? మొద్దయిపోయిందంటాం.

ప్రశ్న: ఓదార్చడం, ఊరడించడం, బుజ్జగించడం, సాంత్వన... అన్నీ ఒకటేనా? అనువాదం చేసేటప్పుడు ఏది పడితే అది వేసేస్తున్నాను.

జవాబు: వేసేయకండి. ఎదుటివాళ్ళకు ఏమైందో చూసి ఎంచుకోండి. పోగొట్టుకున్నవాళ్ళని ఓదారుస్తాం. అలిగినవాళ్ళని బుజ్జగిస్తాం. చావింట్లో బుజ్జగించడం అని రాస్తే చదివేవాళ్ళకి ఒళ్ళు మండుతుంది, టికెట్ రాక అలిగిన నాయకుణ్ణి ఓదార్చారని రాస్తే నవ్వొస్తుంది (రెండోది ఒక్కోసారి కావాలనే రాయొచ్చనుకోండి). కొట్టుకుంటున్నవాళ్ళనీ, గుక్కపట్టి ఏడ్చే పిల్లల్నీ సముదాయిస్తాం. ఊరడించడం వీటన్నిటికంటే మెత్తనిది, బాధ పెద్దదైనా చిన్నదైనా ఇముడుతుంది. జోకొట్టడంతో జాగ్రత్త: పసిపిల్లల దగ్గర ముద్దుగా ఉంటుంది, జనాన్ని జోకొడుతున్నారంటే మాత్రం మాయమాటలతో మభ్యపెడుతున్నారనే అర్థం వస్తుంది. ఊరట అవతలివాళ్ళు చేసే పని కాదు, మనకు కలిగేది. కోర్టు వార్తల్లో అరిగిపోయినా మంచి మాటే. సాంత్వన విషయంలో నాకు కాస్త పేచీ ఉంది. పుస్తకాల్లో బాగానే ఉంటుంది గానీ, ఏడుస్తున్న మనిషి పక్కన కూర్చుని "నీకు సాంత్వన చేకూరుస్తాను" అని ఎవరూ అనగా నేను వినలేదు. సంభాషణల్లో వాడకండి.

ప్రశ్న: నొప్పి ఉపశమనం, నొప్పి నివారణ: మందు డబ్బా మీద ఏది ఉండాలి?

జవాబు: ఉపశమనం. తగ్గించేదాన్ని నివారణ అంటే మళ్ళీ రాకుండా చేస్తుందనుకుంటారు, తలనొప్పి బిళ్ళ ఆ పని చేయదు. ఇంట్లో చెప్పేటప్పుడైతే "నొప్పి తగ్గుతుంది" చాలు.