ఎముక అతుక్కుంది, నడక ఎందుకు కుదరలేదు?

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు. పోర్టులో పనిచేసి రిటైరయ్యారు. ఐదు నెలల క్రితం తడిగా ఉన్న వరండాలో జారిపడి తుంటి ఎముక విరిగితే ఆపరేషన్ చేయించాం. ఎముక బాగా అతుక్కుందని చెప్పారు. ఫిజియోథెరపీ గదిలో చక్కగానే నడుస్తున్నారు. ఇంట్లో మాత్రం గోడ పట్టుకుని, పాదాలనే చూసుకుంటూ అడుగు వేస్తారు. రైతు బజారుకు తీసుకెళ్తే, ఎవరైనా పలకరించగానే ఠక్కున ఆగిపోతారు. కావాలనే చేస్తున్నారని మా తమ్ముడు విసుక్కుంటున్నాడు. ఇది కాలి జబ్బా, మనసుకు సంబంధించినదా?
– ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

జవాబు: ఇందులో ఆయన కావాలని చేస్తున్నది ఏమీ లేదని ముందుగా మీ తమ్ముడికి చెప్పండి. మీరు రాసిన వివరాల్లో నాకు ముఖ్యమనిపించినది గోడ పట్టుకోవడం కాదు, పలకరించగానే ఆగిపోవడం. స్వీడన్ పరిశోధకులు వసతి గృహాల్లో ఉంటున్న 58 మంది వృద్ధులతో నడుస్తుండగా మాట కలిపి చూసి, ఆ ఫలితాలను 1997లో ప్రచురించారు. మాట్లాడటానికి నడక ఆపేసినవారు 12 మంది; వారిలో 10 మంది తర్వాతి ఆరు నెలల్లో పడిపోయారు. అది చిన్న అధ్యయనమే అయినా, నడకకూ మాటకూ కావలసిన ధ్యాస ఒకే మూట నుంచి ఖర్చవుతుందన్న సంగతిని వైద్యులు గట్టిగా పట్టించుకునేలా చేసింది.

మామూలుగా మనం నడిచేటప్పుడు కళ్లు, లోపలి చెవి, అరికాళ్లు, కీళ్లు పంపే సమాచారాన్ని చిన్నమెదడు, వెన్నుపాము వంటివి సరిచూసుకుంటూ, మన ప్రమేయం పెద్దగా లేకుండానే అడుగులు వేయిస్తాయి. మెట్లు దిగుతూ ఏ మడమ ఎప్పుడు ఆనుతోందా అని ఒకసారి ఆలోచించి చూస్తే, అంతవరకూ సాఫీగా దిగుతున్నవారు కూడా తడబడతారు. (ఈ ప్రయోగం చేసేవారు పక్కనున్న కమ్మీ పట్టుకోండి.) పడిపోయిన మనిషికి భయం చేసే అపకారం సరిగ్గా ఇదే. తనంతట తాను జరిగిపోయే పనిని ఆయన ఇప్పుడు ప్రతి అడుగుకూ స్వయంగా అజమాయిషీ చేస్తున్నారు. భయపడినప్పుడు చీలమండకు ముందూ వెనుకా ఉన్న కండరాలు రెండూ ఒకేసారి బిగుసుకుని కాలు కర్రలా అవుతుంది, అడుగు చిన్నదవుతుంది, పాదం నేలను రాసుకుంటుంది. తల వంచి ఉండటంతో ఎదురుగా వచ్చే గతుకు ఆలస్యంగా కనబడుతుంది. ధ్యాసంతా అప్పటికే పాదాల మీద ఖర్చయిపోతే, పలకరించినవారికి బదులివ్వడానికి నడక ఆపక తప్పదు. థెరపీ గదిలో సమతల నేల, పట్టుకోవడానికి రెండు వైపులా కమ్మీలు, పక్కనే థెరపిస్టు ఉంటారు కాబట్టి ఆ భయం లేదు. అక్కడ బాగా నడవడం నటనకు రుజువు కాదు, కాలిలో శక్తి ఉందనడానికి రుజువు.

అయితే భయమేనని తేల్చేముందు కొన్ని పరీక్షలు తప్పనిసరి. పడుకున్నప్పుడు, లేచి నిలబడినప్పుడు బీపీ చూపించండి. నిద్రమాత్రలు, బీపీ మందుల జాబితా వైద్యుడి ముందు పెట్టండి. షుగర్ ఉంటే అరికాళ్ల స్పర్శ, షుగర్ ఉన్నా లేకపోయినా కంటి శుక్లాలు, విటమిన్ బి12, రెండు కాళ్ల పొడవులో తేడా చూపించండి. గజ్జల్లో కొత్తగా నొప్పి, వణుకు, మతిమరుపుతోపాటు మూత్రం ఆపుకోలేకపోవడం ఉంటే ఆలస్యం చేయవద్దు. హఠాత్తుగా మూతి వంకర పోయినా, మాట ముద్దగా వచ్చినా, చెయ్యి లేదా కాలు పడిపోయినా వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లాలి.

ఇక సాధన గురించి. "కింద చూసుకో, కాలు జాగ్రత్తగా ఎత్తు" అని నేనూ ఏళ్ల తరబడి రోగులకు చెప్పాను. ఇప్పుడు చాలావరకు మానుకున్నాను. ధ్యాసను శరీర భాగం మీద కాక బయట ఉన్న వస్తువు మీద నిలిపితే నిలకడ మెరుగుపడుతుందని గాబ్రియెల్ వుల్ఫ్ వంటి పరిశోధకులు 1990ల చివరి నుంచి చేసిన ప్రయోగాల్లో పదేపదే కనబడింది. రోగులందరికీ ఇది ఒకేలా పనిచేస్తుందని అనలేను గానీ, ప్రయత్నించడంలో నష్టం లేదు. "మోకాలు ఎత్తండి" అనే బదులు హాల్లో నేల మీద రంగు టేపు ముక్కలు అడుగు దూరానికొకటి అంటించి "ఆ గీత దాటండి" అనండి. "నిటారుగా నిలబడండి" అనే బదులు గేటు దగ్గరున్న చెట్టును చూస్తూ రమ్మనండి. మీరు ఆపరేషన్ అయిన వైపున, అరడుగు వెనకగా నడవండి, చెయ్యి పట్టి లాగవద్దు. "జాగ్రత్త, పడిపోతారు" అన్న మాట ఇంట్లో ఎవరూ అనకూడదు. అది విన్న ప్రతిసారీ ఆయన ధ్యాస మళ్లీ పాదాల మీదికే పోతుంది.

ఇది రెండు వారాలు కుదిరాక మాటను కలపండి. మొదట వంటగది గట్టు పట్టుకుని నిలబడి కబుర్లు చెప్పడం, తర్వాత నడుస్తూ ఒక్క ముక్కలో జవాబులు, ఆ తర్వాత పోర్టులో తన డ్యూటీ సంగతులు చెబుతూ నడవడం. బజారులో ఆయన ఆగితే ఆగనివ్వండి. అది ఆయన చేసుకుంటున్న రక్షణ, దాన్ని బలవంతంగా మాన్పించకూడదు. భయపడే చోట్లను ఆయన చేతనే తేలిక నుంచి కష్టానికి వరుసగా రాయించండి. మన ఊళ్లో ఎత్తుపల్లాలకు కొదవ లేదు కాబట్టి వీధి వాలు మధ్యలో రావచ్చు, జనం ఉన్న రైతు బజారు ఆ తర్వాత. బీచ్ రోడ్డు పేవ్‌మెంట్ మీద కైలాసగిరి వైపు చూస్తూ నడవడం మంచి సాధన గానీ, ఇసుకలోకి మాత్రం ఇప్పుడే దించవద్దు. బాత్‌రూమ్‌లో కమ్మీ, రాత్రి చిన్న దీపం, వరండాలో జారని పట్టా ఈ వారమే ఏర్పాటు చేయండి. రెండు మూడు నెలలకూ భయం తగ్గక బయటికి రావడమే మానేస్తే, సైకాలజిస్టును కలవడానికి సంకోచించవద్దు.

మీ ఫిజియోథెరపిస్టును ఒక కొలత తీసుకోమనండి. కుర్చీలోంచి లేచి 3 మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోవడానికి ఎన్ని సెకన్లు పడుతోందో చూడాలి. 12 సెకన్లు, అంతకు మించితే పడే ప్రమాదం ఉందని లెక్క. తర్వాత అదే నడకను 100 నుంచి మూడేసి తగ్గిస్తూ లెక్కపెడుతూ చేయించాలి. ఆ రెండు సమయాల మధ్య తేడాను ఒక కాగితం మీద రాసి ఉంచి, ఆరు వారాల తర్వాత మళ్లీ కొలిచి నాకు రాయండి.